మూడో తరగతిలో ఫుల్‌స్టాప్: ప్రాజెక్టు డైరీ

తెలంగాణలో ఒక పల్లెటూరి సర్కారు బడి, మూడో తరగతి. రోజూ వచ్చే పిల్లలు 16 మంది, కింద ఉన్న లెక్కలన్నీ వాళ్ళవే. అప్పుడప్పుడు వచ్చే ఇంకో నలుగురికి కూడా కాగితాలు ఇచ్చాను గానీ వాళ్ళను లెక్కలో కలపలేదు, కలిపితే ఒక కొలతకీ ఇంకో కొలతకీ పోలిక కుదరదు. పిల్లలందరికీ గుణింతాలు వచ్చు, ఒత్తులు సగం వచ్చు. చిన్న వాక్యాలు రాస్తారు. చుక్క మాత్రం పెట్టరు, లేదా ఎక్కడపడితే అక్కడ పెడతారు.

మీ తరగతిలోనూ ఇదే బాధ ఉంటే దశ 1 వదిలేసి నేరుగా దశ 2కి వెళ్ళిపోండి, రోజులు మిగులుతాయి.

మొదటి కొలత

సొంతంగా రాయమంటే ఒకరు 3 వాక్యాలు రాస్తారు, ఇంకొకరు 10 రాస్తారు, పోల్చడానికి ఉండదు. అందుకని చుక్కలు లేకుండా టైపు చేసిన పాఠం ఒకటి తయారు చేశాను. అందులో 8 వాక్యాలు. అక్షరాలు పెద్ద సైజు, లైన్ల మధ్య బాగా ఖాళీ. పిల్లల పని చుక్కలు పెట్టడం ఒక్కటే.

మా ఊరి చెరువు నిండింది నాన్న
నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు మేము
చేపలు చూశాం తాతయ్య గట్టు మీద
కూర్చున్నాడు ఆయన చేతిలో గాలం ఉంది అది
పాతది మేము ఇంటికి వచ్చేసరికి చీకటి
పడింది ఎక్కడికెళ్ళారు అని అమ్మ అడిగింది

ఇందులో కావాలని పెట్టిన చిక్కులు నాలుగు. చివరి లైను తప్ప ఏ లైను చివరా వాక్యం పూర్తి కాదు. ఒక వాక్యం సున్నతో ముగుస్తుంది (చూశాం). ఒక వాక్యంలో క్రియే లేదు (అది పాతది). చివరి వాక్యంలో "వెళ్ళారు" దగ్గర అయిపోయినట్టే ఉంటుంది, కానీ "అని" వచ్చి ముందుకు లాగుతుంది. మీరు సొంతంగా పాఠం రాసుకున్నా ఈ నాలుగూ ఉండేలా చూసుకోండి. ప్రశ్నార్థకం జోలికి ఇప్పుడు వెళ్ళలేదు, దానికి కూడా చుక్కే పెట్టమన్నాను.

రెండు అంకెలు విడివిడిగా రాసుకోవాలి: పెట్టాల్సిన చోట పెట్టినవి, పెట్టకూడని చోట పెట్టినవి. మొదటిదొక్కటే లెక్కపెడితే దశ 1 బ్రహ్మాండంగా కుదిరిందని అనుకునే ప్రమాదం ఉంది, ఎందుకో కిందే తెలుస్తుంది.

మొత్తం: సరైన చోట 128కి 34. తప్పు చోట 47.
ఖర్చు: జిరాక్సులు 20, ఒక్కోటి 2 రూపాయలు, 40.

34 అంటే నాలుగో వంతు వచ్చేసినట్టే కదా అనిపిస్తుంది. కానీ వాటిలో 15 పాఠం ఆఖరి చుక్కలే. కాగితం అయిపోయింది కాబట్టి పెట్టారు. అవి తీసేస్తే మిగిలేది 112కి 19. తప్పు చోట పెట్టిన 47లో 39 లైను చివర ఉన్నవి. ఒకడిని అడిగితే "లైన్ అయిపోయింది గద సార్, పెట్టాలె" అన్నాడు, నాకే తెలియదన్నట్టు చూస్తూ. వాడి లెక్కలో చుక్క అంటే లైనుకు తాళం.

ఇది మన పిల్లల వింతేం కాదు. ఇంగ్లండ్‌లో చిన్నపిల్లల విరామ చిహ్నాల మీద పనిచేసిన నైజెల్ హాల్ అనే పరిశోధకుడు కూడా ఇదే గమనించాడు: పిల్లలు మొదట్లో చుక్కను అర్థంతో కాక కాగితం మీది స్థలంతో ముడిపెడతారు, లైను చివర, పేజీ చివర పెడతారు. మన దగ్గర దీనికి ఇంకో కారణం తోడై ఉంటుందని నా అనుమానం. ఒకటి రెండు తరగతుల్లో పిల్లలు ఎక్కువగా చదివేది గేయాలు. గేయంలో లైను అంటే ఒక ముక్క, అక్కడ ఆగుతాం, చప్పట్లు కొడతాం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే రాస్తున్నా. 2022-23 నుంచి మా బడిలో ఇంగ్లీషు మీడియం, లెక్కల పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఇంగ్లీషు పేజీలో కొత్త వాక్యం పెద్ద అక్షరంతో మొదలవుతుంది కాబట్టి ఒక చుక్క కంటికి ఆనకపోయినా వాక్యం మారిందని తెలుస్తుంది. తెలుగులో ఆ సాయం లేదు. ఉన్నదల్లా చుక్కే. అందుకే ఇంగ్లీషు టీచర్ల కోసం చేసిన వర్క్‌షీట్లను తెలుగులోకి మార్చి వాడితే సగం పని కూడా జరగదు, వాటిలో ఎక్కువ భాగం పెద్ద అక్షరాన్ని వెతికించేవే.

దశ 1: "ఊపిరి తీసుకునే చోట చుక్క"

అందరూ చెప్పే పద్ధతి ఇదే, మాకు చిన్నప్పుడు చెప్పిందీ ఇదే. చదువుతూ ఉండు, ఎక్కడ ఆగుతావో అక్కడ చుక్క పెట్టు.

చేసిన పని:
1. కొత్త పాఠం, అవే చిక్కులు, అవే 8 వాక్యాలు. (పాత పాఠమే ఇస్తే జ్ఞాపకంతో పెట్టేస్తారు. అందుకే కొలతకో పాఠం.)
2. నేను ఒకసారి ఆగుతూ చదివి వినిపించాను.
3. తర్వాత వాళ్ళంతట వాళ్ళు పైకి చదువుతూ చుక్కలు పెట్టారు.

మొత్తం: సరైన చోట 128కి 58. తప్పు చోట 96.
ఖర్చు: ఇప్పటివరకు 80 రూపాయలు.

సరైనవి పెరిగాయి, నిజమే. తప్పులు రెట్టింపయ్యాయి. కాగితాలు ముందేసుకుని చూస్తే కారణం దాచినా దాగదు. కూడబలుక్కుని చదివే పిల్లలకు ప్రతి మాటా ఒక మజిలీయే. "తా-త-య్య" అని పూర్తి చేసేసరికే ఊపిరి అయిపోతుంది, అక్కడో చుక్క. ఒక పాప కాగితంలో మొదటి లైనులోనే 4 చుక్కలున్నాయి. చెప్పినదాన్ని ఆ పాప తు.చ. తప్పకుండా పాటించింది. అందరికంటే తక్కువ తప్పులు చేసింది గడగడా చదివే ముగ్గురు, వాళ్ళు కూడా "ఇంటికి వచ్చేసరికి" లాంటి చోట ఆగి అక్కడ చుక్క పెట్టారు. అక్కడ ఆగడం సరైనదే, చుక్క పెట్టడమే కాదు.

ఊపిరి కొలబద్ద చదవడం వచ్చినవాళ్ళకే పనిచేస్తుంది. దీన్ని ఐదో తరగతికి చెప్పుకోవచ్చు. మూడులో వద్దు.

దశ 2: చుక్కా, సున్నా?

ఈ దశ ప్లానులో లేదు. దశ 1 కాగితాలు లెక్కపెడుతుంటే బయటపడింది. మొత్తం 154 చుక్కల్లో 41 గుండ్రంగా, లోపల ఖాళీతో ఉన్నాయి. అంటే సున్నలు. "కూర్చున్నాడు" పక్కన అలాంటిది పడితే "కూర్చున్నాడుం" అవుతుంది. ఇంకో వైపు నుంచి కూడా చిక్కుంది. మావైపు పిల్లలు "పోయినం", "తిన్నం", "ఆడినం" అంటారు, అలాగే రాస్తారు. చివర సున్న ఉండనే ఉంది. చుక్క ఏదిరా అంటే ఒకడు సున్న మీద వేలు పెట్టి, "గిదే గద సార్, మల్లొకటి ఎందుకు?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. మనం సున్ననీ చుక్క అంటాం, ఫుల్‌స్టాప్‌నీ చుక్క అంటాం, ముగ్గులోదీ చుక్కే. అప్పటినుంచి తరగతిలో ఫుల్‌స్టాప్ అనే అంటున్నాను, వాళ్ళకు ఆ మాట ఎలాగూ తెలుసు.

మార్చినవి:
1. స్కెచ్ పెన్ను మానేశాను. దానితో చిన్న చుక్క రాదు, ఉబ్బుతుంది, పిల్లలు దాన్ని గుండ్రంగా దిద్దుతారు. చెక్కిన పెన్సిలే మేలు.
2. "పెన్సిల్ ముక్కు ఒక్కసారి ఆనించి ఎత్తెయ్, తిప్పొద్దు." ఈ ఒక్క మాటతోనే సగం సున్నలు పోయాయి.
3. చోటు: కింది గీత మీద, అక్షరానికి అతుక్కోకుండా. సున్న అక్షరం పక్కన మధ్యలో ఉంటుంది, ఫుల్‌స్టాప్ అడుగున ఉంటుంది. పలక మీద రెండూ పక్కపక్కన రాయించాను: పోయినం. తిన్నం. ఆడినం.
4. ఫుల్‌స్టాప్ తర్వాత ఒక వేలు ఖాళీ.

తర్వాత నోటుపుస్తకాల్లో చూస్తే సున్నలా ఉన్నవి తరగతి మొత్తానికి 3. ఈ దశకు ఖర్చు లేదు.

ఇదే సందర్భంలో ఒక పాప బడి బోర్డు చూపించి అడిగింది, "మం.ప.ప్రా. పాఠశాల" అని ఉంది కదా, అక్కడ మూడు ఫుల్‌స్టాపులు ఎందుకు, అవి మూడు వాక్యాలా అని. పొట్టి చేసి రాస్తే కూడా చుక్క పెడతారని చెప్పి ముందుకెళ్ళాను. మీకూ ఈ ప్రశ్న వస్తుంది, జవాబు రెడీగా ఉంచుకోండి.

దశ 3: "అయిపోయిందా, ఇంకా ఉందా?"

ఇక్కడినుంచే అసలు పని మొదలైంది. తెలుగులో చాలా వాక్యాల చివర క్రియ వచ్చి కూర్చుంటుంది, ఆ క్రియ రూపమే చెబుతుంది మాట ముగిసిందో లేదో. "తిని", "తింటూ", "తింటే" అన్నామంటే వినేవాడు మిగతాది కోసం ఎదురుచూస్తాడు. "తిన్నాడు" అంటే అయిపోయింది. వ్యాకరణంలో సమాపక, అసమాపక క్రియలంటారు. ఆ పేర్లు పిల్లల ముందు ఎత్తనే లేదు. ఎత్తాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే మూడేళ్ళ వయసు నుంచే వాళ్ళకు చెవితో తెలుసు.

నోటితో:
1. నేను ముక్క చెబుతాను. పిల్లలు "అయిపోయింది" అనో "ఇంకున్నది" అనో అరవాలి.
2. "కోతి చెట్టెక్కి" - ఇంకున్నది. "కోతి చెట్టెక్కింది" - అయిపోయింది. "వాన పడితే" - ఇంకున్నది. "వాన పడుతున్నది" - అయిపోయింది.
3. తర్వాత పిల్లలే ముక్కలు చెప్పాలి, మిగతావాళ్ళు అరవాలి.

మొదటిరోజే దాదాపు తప్పు లేకుండా చెప్పారు. చదవడం సరిగా రాని పిల్లలు కూడా. రాతలో తెలియనిది నోట్లో తెలుసని అప్పుడు రూఢి అయింది.

కాగితం మీద:
1. వాక్యాలున్న కాగితం పట్టీ. ముగిసిన చోట కంది గింజ పెట్టాలి.
2. గింజల ముచ్చట ఒక్కరోజులో ముగిసింది. పక్కవాడి మోచేయి తగిలితే గింజ రెండు మాటలు జరుగుతుంది, ఎక్కడ పెట్టాడో నాకు తెలియదు, వాడికీ తెలియదు.
3. గింజల బదులు బొట్టు బిళ్ళలు. ఫ్యాన్సీ షాపులో దొరికే అతి చిన్న సైజు, నల్లవి. అతుక్కుంటాయి, మార్చాలంటే పీకి మళ్ళీ అంటించొచ్చు. రబ్బరుతో చెరిపితే కాగితం చిరుగుతుందనే భయం ఉండదు, కాబట్టి తప్పు దిద్దుకోవడానికి వెనకాడరు. (ఎర్రవి కొనకండి. సగం నుదుటికి పోతాయి.)
4. అంటించిన తర్వాత పక్కవాడికి మొదటినుంచి చదివి, ప్రతి బిళ్ళ దగ్గరా "అయిపోయిందా?" అని అడగాలి.
5. చివరగా బిళ్ళ తీసేసి అదే చోట పెన్సిల్‌తో ఫుల్‌స్టాప్.

మొత్తం: సరైన చోట 128కి 93. తప్పు చోట 21.
ఖర్చు: బొట్టు బిళ్ళల ప్యాకెట్లు 6, 60 రూపాయలు. జిరాక్సులు 40. ఇప్పటివరకు 180.

లైను చివరి చుక్కలు దాదాపు మాయమయ్యాయి, 4 మిగిలాయి. లైను గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. వెతకడానికి ఇంకో ఆనవాలు దొరికేసరికి దాన్ని వాళ్ళే వదిలేశారు.

దశ 4: క్రియ లేని వాక్యం, "అని"

దశ 3లో మిగిలిన తప్పులు గుంపుగా రెండు చోట్లే ఉన్నాయి. క్రియ లేని వాక్యం చివర ఫుల్‌స్టాప్ పెట్టింది 16 మందిలో నలుగురే. "అని"కి ముందు పెట్టేసినవాళ్ళు 11 మంది.

రెండూ "అయిపోయిందా" పద్ధతి తెచ్చిపెట్టినవే. "అది పాతది", "మా నాన్న ఆటో డ్రైవర్", "మా బడి పెద్దది" లాంటివాటిలో చేసిన పని ఏదీ లేదు, ముగియడానికి. "ఎక్కడికెళ్ళారు అని అమ్మ అడిగింది"లో పని ముగిసింది గానీ వాక్యం ముగియలేదు.

క్రియ లేనివాటికి పనిచేసింది "అట". ఒకడు చెప్పింది ఇంకొకడికి మోసేటప్పుడు వాక్యం చివర "అట" తగిలిస్తాం. నిండు వాక్యానికే అది సాఫీగా అతుకుతుంది.

1. అందరూ "వాడు", "ఆమె" అయ్యేలా పాఠం రాసుకోండి. నేను, మేము ఉంటే "అట" ఎబ్బెట్టుగా ఉంటుంది.
2. ఒకరు ముక్క చదవాలి, పక్కవారు "అట" కలిపి మూడోవారికి చెప్పాలి.
3. "వాళ్ళ నాన్న ఆటో డ్రైవరట." అతికింది, ఫుల్‌స్టాప్. "వాళ్ళ బడి పెద్దదట." అతికింది. "తాతయ్య గట్టు మీద అట" అనేసరికి వినేవాడు "గట్టు మీద ఏంది?" అంటాడు. అతకలేదు.

చాడీలు చెప్పే ఆట అని పేరు పెట్టారు పిల్లలు. ఈ ఒక్క ఆటకు మాత్రం బెల్లు కొట్టినా లేవలేదు.

"అని"కి "అట" పనికిరాదు ("ఎక్కడికెళ్ళారట" కూడా అతుకుతుంది కదా). దానికి చిన్న నియమం పెట్టాను: ఫుల్‌స్టాప్ పెట్టేముందు పక్క మాట చూడు, అక్కడ అని, కానీ, కాబట్టి ఉంటే ఆగకు. ఈ మూడు మాటలూ చార్టు మీద రాసి గోడకు అంటించాం. నియమాలు చెప్పడం నాకు ఇష్టం లేదు గానీ మూడు మాటలే కాబట్టి ఫర్వాలేదు.

మొత్తం: సరైన చోట 128కి 109. తప్పు చోట 12. క్రియ లేని వాక్యం: 16కి 11. "అని" ముందు పెట్టినవాళ్ళు: 3.
ఖర్చు: ఇప్పటివరకు 220.

ఈ కొలత అనుకున్న సమయానికి జరగలేదు. పత్తి ఏరే రోజులు, పెద్దపిల్లలతో పాటు మూడో తరగతి వాళ్ళనీ చేనుకు తీసుకెళ్తారు, కనీసం చంటిపిల్లను చూసుకోవడానికైనా. 16 మందీ ఒకే రోజు దొరికేదాకా ఆగాను.

దశ 5: సొంత రాత

ఇంతదూరం వచ్చాక సొంతంగా రాయమన్నాను: దసరా సెలవుల్లో ఏం చేశారు? పాఠంలో 128కి 109 పెట్టినవాళ్ళు కదా, ఇక్కడా పెడతారనే అనుకుంటాం.

మొత్తం: పిల్లలు రాసిన వాక్యాలు 97. సరైన చోట ఫుల్‌స్టాపులు 38. తప్పు చోట 9.

రాసేటప్పుడు వాళ్ళ బుర్రంతా ఒత్తుల మీదే ఉంటుంది, ఫుల్‌స్టాప్ గుర్తే రాదు. ఇది ఒక కారణం. ఇంకోటి మా యాసలో ఉంది. నా పాఠాలన్నీ "వెళ్ళాను, చూశాను" భాషలో ఉన్నాయి, అందులో ముగింపు తేలిగ్గా కనిపిస్తుంది. పిల్లలు రాసేది "నేను పోయిన, నేను తిన్న". వాళ్ళ మాటలో అది నిండు క్రియే. కానీ అదే "పోయిన" ఇంకో మాట ముందు కూర్చుంటే ఆ మాటకు విశేషణమైపోతుంది, "పోయిన వారం" లాగా. ఒక పాప రాసింది ఉన్నదున్నట్టు:

నేను దసరకు అమ్మమ్మ ఇంటికి పోయిన మా మామ నాకు గౌను కొన్నడు బతుకమ్మ ఆడినం

పక్కన కూర్చున్నవాడు దీన్ని గడగడా చదివి, "ఇంటికి పోయింది నువ్వా, మీ మామనా?" అని అడిగాడు. నిజంగానే తెలియక అడిగాడు. ఆ పాపకు కోపం వచ్చింది. "నేనే పోయిన! మామ ఆడనే ఉంటడు!" అని పుస్తకం లాక్కుని "పోయిన" పక్కన పెన్సిల్ గట్టిగా పొడిచింది, కింది పేజీలో కూడా అచ్చు పడేంతగా. అంతవరకు ఫుల్‌స్టాప్ సార్ అడుగుతాడు కాబట్టి పెట్టేది. ఆరోజు నుంచి తన పేజీలో పక్కవాడిని నోరెత్తనివ్వకూడదని పెడుతోంది.

"పోయిన"ను "వెళ్ళాను" అని దిద్దలేదు. దిద్దితే చిక్కు తీరినట్టే కనిపిస్తుంది గానీ మరుసటి రాతలో మళ్ళీ "పోయిన" వస్తుంది, పైగా రాసే ఉత్సాహం చస్తుంది.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి:
1. రాసేటప్పుడు ఫుల్‌స్టాప్ గురించి ఎవరూ మాట్లాడరు, నాతో సహా. ముందు రాత పూర్తి కావాలి.
2. పుస్తకాలు మార్చుకోవాలి. చదివేవాడు ఫుల్‌స్టాప్ కనిపించేదాకా ఆగకూడదు, ఊపిరి పోయినా సరే. రాసినవాడు పక్కనే నిలబడి వినాలి. కూడబలుక్కుని చదివేవాళ్ళకు ఈ పని ఇవ్వకండి, వాళ్ళ పక్కన గడగడా చదివేవాళ్ళను కూర్చోబెట్టండి.
3. చదివినవాడు అదంతా "అట" పెట్టి మూడోవాడికి చెప్పాలి. "ఈమె దసరాకు వాళ్ళ అమ్మమ్మ ఇంటికి పోయిందట. వాళ్ళ మామ గౌను కొన్నడట." ఇక్కడ "పోయిన" తనంతట తనే "పోయింది" అయిపోతుంది, గజిబిజి విడిపోతుంది.
4. రాసినవాడు "అట" విన్న చోటల్లా బొట్టు బిళ్ళ, తర్వాత పెన్సిల్.

మొత్తం (బతుకమ్మ పువ్వుల మీద రాత): వాక్యాలు 104. సరైన చోట 71. తప్పు చోట 14.
ఖర్చు: ఇప్పటివరకు 220, బిళ్ళలు ఇంకా 2 ప్యాకెట్లు ఉన్నాయి.

తప్పులు 9 నుంచి 14 కావడం గురించి పెద్దగా టెన్షన్ లేదు. 14లో 8 "తర్వాత" అనే మాటకు అటూ ఇటూ పెట్టినవి. కథంతా "తర్వాత... తర్వాత..." అని నడిపేవాళ్ళు అది ముందు వాక్యానిదో వెనక వాక్యానిదో తేల్చుకోలేక రెండు వైపులా పెట్టేస్తున్నారు.

ఇంకా మిగిలినవి

ఇద్దరు పిల్లలు బిళ్ళ బాగా అంటిస్తారు, అది తీసేశాక పెన్సిల్‌తో పెట్టడం మర్చిపోతారు. వాళ్ళకు బిళ్ళ పీకకుండా దాని పక్కనే ఫుల్‌స్టాప్ పెట్టించి చూస్తున్నా.

"తర్వాత" కోసం కొత్త పట్టీలు రాయాలి. "అట" ఆటలో అదనంగా ఒక ప్రశ్న: "తర్వాత ఏమైందట?" ఈ ప్రశ్నకు జవాబు ఎక్కడ మొదలైతే "తర్వాత" అక్కడిదే, ఫుల్‌స్టాప్ దానికి ముందు.

ఐదో పాఠం మా యాసలోనే టైపు చేస్తున్నాను, "పోయిన, తిన్న, ఆడినం"లతో, 8 వాక్యాలు, అవే చిక్కులు. పాత అంకెలతో దాన్ని నేరుగా పోల్చకూడదు కాబట్టి పుస్తకంలో వేరే పేజీలో రాస్తాను. సంక్రాంతి సెలవులయ్యాక, 16 మందీ ఉన్న రోజు చూసి కొలత.